బాలింతకు పత్యమా... పస్తులా?
నీళ్లు మాన్పించడమే పెద్ద ముప్పు. ఆసుపత్రి నుంచి వచ్చాక 42 రోజులూ కీలకం

నరసరావుపేట: కాన్పు సుఖంగా జరిగింది. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి చేరారు. అక్కడి నుంచి ఇంటిల్లిపాది చూపూ బిడ్డ మీదే ఉంటుంది. బిడ్డ పాలు తాగిందా, ఎవరి పోలిక వచ్చింది, పేరు ఏ అక్షరంతో పెట్టాలి అన్న ముచ్చట్ల నడుమ కన్నతల్లి ఏం తిన్నదో, ఎన్ని గంటలు నిద్రపోయిందో అడిగేవారు అరుదు. అడిగినా పత్యం చెడలేదు కదా అని తెలుసుకునేందుకే అడుగుతారు.

కాన్పులన్నీ ఇప్పుడు దాదాపుగా ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులకు పైగా ఆసుపత్రుల్లో జరిగాయి. పురుడు పోసే చోటు మారింది గానీ, ఆ తరువాతి నలభై రోజులూ ఇంకా పాత పద్ధతిలోనే గడుస్తున్నాయి. అందులో మంచి ఎంత, చెడు ఎంత అని విడదీసి చూడవలసిన అవసరం ఏర్పడింది. ప్రసవం తరువాత తల్లికి వచ్చే ప్రాణాపాయాల్లో ఎక్కువ భాగం మొదటి రోజున, మొదటి వారంలోనే ఎదురవుతాయి. మిగిలినవి ఆరు వారాల లోపు ఎప్పుడైనా రావచ్చు. ఆసుపత్రి నుంచి పంపించివేయగానే గండం గడిచిందనుకోవడం పొరపాటు.

పత్యంలో ఏముంది?

పల్నాడు ప్రాంతంలో పచ్చి బాలింతకు మొదటి రెండు మూడు రోజులు కాఫీ, రొట్టెతో సరిపెట్టే ఇళ్లు నేటికీ ఉన్నాయి. ఆ తరువాత పాత బియ్యపు అన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం, శొంఠిపొడి. కోస్తా ఇళ్లలో బెల్లం, మిరియాలు, పిప్పళ్లు, వెల్లుల్లి కలిపి నూరిన కాయం ముద్ద తప్పనిసరి. కూరల్లో బీరకాయ, పొట్లకాయకు అనుమతి ఉంటుంది. వంకాయ, గుమ్మడి, గోంగూర దగ్గరకు రానివ్వరు. పప్పు పెడితే బిడ్డకు అజీర్తి అంటారు. పెరుగు, పండ్లు ఇస్తే జలుబు అంటారు. పెద్ద ఆపరేషన్ చేయించుకున్న తల్లికైతే పప్పు, గుడ్డు, బంగాళాదుంప మూడింటినీ మాన్పిస్తారు. కుట్లు చీము పడతాయన్నది భయం.

వీటన్నిటికీ మించినది నీళ్ల కట్టడి. కాచిన నీళ్లు రోజుకు రెండు మూడు చిన్న గ్లాసులకు మించి ఇవ్వరు. ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని, ఒళ్లు నీరు పడుతుందని పెద్దల నమ్మకం. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మూసిన కిటికీ, మంచం పక్కన కుంపటి. మాఘమాసపు చలిలో కాన్పు అయినా, రోహిణి కార్తెలో అయినా పద్ధతి ఒక్కటే. 45 డిగ్రీల ఎండ కాసే చోట తలుపులు బిగించిన గదిలో ఒక తల్లిని దాహంతో ఉంచడం ఎంత కష్టమో ఆ గదిలో ఒక పూట కూర్చున్నవారికే అర్థమవుతుంది.

ఇదంతా కోడలిపై కక్షతో పుట్టిన ఆచారం కాదు. చాలా ఇళ్లలో పత్యం పెట్టేది కన్నతల్లే. తనకు తన తల్లి పెట్టినట్టే కూతురికి పెడుతుంది. పూర్వం బాలింత సన్ని అనే మాట వింటేనే ఊరు వణికేది. కాన్పయిన వారం పది రోజులకు ఒళ్లు కాలిపోయే జ్వరం, పలవరింతలు, మూర్ఛలు వచ్చి నిండు ప్రాణం పోయేది. కారణం తెలియని రోజుల్లో నీళ్లూ, చలిగాలీ, పడని తిండీ నేరం మోశాయి. నేటి వైద్యం ఆ సన్నిని వేర్వేరు జబ్బులుగా విడదీసింది. గర్భాశయానికి సోకిన క్రిముల వల్ల వచ్చే సూతికా జ్వరం ఒకటి. పురుడు పోసే చేతులను శుభ్రం చేసుకుంటే ఈ జ్వరం తగ్గుతుందని వియన్నాలో 1847లోనే సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు నిరూపించాడు. రక్తపోటు హఠాత్తుగా పెరిగి వచ్చే గుర్రపువాతం రెండోది. ఇది కాన్పుకు ముందే కాదు, కాన్పయిన తరువాత కూడా వస్తుంది.

మూడోది మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టడం. కాన్పు సమయంలో అధిక రక్తస్రావాన్ని ఆపేందుకు గర్భిణి రక్తానికి ప్రకృతి గడ్డకట్టే గుణాన్ని పెంచి ఉంచుతుంది. కాన్పయ్యాక కొన్ని వారాల వరకు ఆ గుణం పోదు. అటువంటి సమయంలో ఒంట్లో నీరు తగ్గితే రక్తం మరింత చిక్కబడుతుంది. రక్తహీనత తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. బాలింతల్లో తీవ్రమైన తలనొప్పి, మూర్ఛ, ఒక చేయి లేదా కాలు పడిపోవడం వంటి లక్షణాలతో వచ్చే ఈ జబ్బును మన దేశంలోని పెద్దాసుపత్రుల నరాల వైద్యులు దశాబ్దాలుగా చూస్తూనే ఉన్నారు. సన్ని రాకూడదని నీళ్లు మాన్పిస్తే, ఆ సన్నిలో ఒక రకానికి మనమే తలుపు తీసినట్టవుతుంది.

పొట్ట సంగతి, పాల సంగతి

నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందన్న మాటకు ఆధారం లేదు. తాగిన నీరు పొట్టలో నిలవ ఉండదు. కాన్పు కాగానే గర్భాశయం దాదాపు కిలో బరువుంటుంది. ఆరు వారాల్లో అది వంద గ్రాముల లోపునకు కుంచించుకుపోతుంది. బిడ్డ పాలు తాగే ప్రతిసారీ తల్లి ఒంట్లో విడుదలయ్యే ఒక రసం గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది. మొదటి రోజుల్లో పాలిస్తుండగా పొత్తికడుపులో నొప్పి వచ్చేది ఇందుకే. సాగిన కండరాలు బిగువు పట్టేందుకు మరికొన్ని నెలలు పడుతుంది.

ఇక పాల లెక్క. పాలు బాగా పడిన తల్లి రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు ఇస్తుంది. అందులో నూటికి 87 పాళ్లు నీరే. ఆ నీరు తల్లి తాగిన గ్లాసు నుంచే రావాలి. బిడ్డకు పాలిచ్చే మొదటి ఆరు నెలలు తల్లికి మామూలు కన్నా రోజుకు 600 క్యాలరీల ఆహారం అదనంగా అవసరమని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. ఇంటి లెక్కలో చెప్పాలంటే అది దాదాపు మరో పూట భోజనం. గర్భంతో ఉన్నప్పటి కన్నా పాలిచ్చే రోజుల్లోనే ఎక్కువ తినాలి. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. సీమంతం నాడు పళ్లేలకు పళ్లేలు పెడతారు, కాన్పయ్యాక కొలిచి పెడతారు.

తల్లి సరిగా తినకపోయినా పాలు ఒక్కసారిగా ఆగిపోవు. కొంతకాలం శరీరం తన నిల్వల నుంచి తీసి ఇస్తుంది. ఎముకల్లోని సున్నం, కండలోని మాంసకృత్తులు కరుగుతాయి. బిడ్డ బొద్దుగా ఉంది కదా, పత్యం బాగానే పనిచేసిందని ఇంట్లోవారు సంతోషిస్తారు. తల్లికి మాత్రం నడుము నొప్పి, కళ్లు తిరగడం, జుట్టు రాలడం మొదలవుతాయి. కాన్పయిన మూడు నాలుగు నెలలకు కొంత జుట్టు రాలడం అందరికీ సహజమే. నీరసం మాత్రం సహజం కాదు.

కుట్లకు చీము పట్టడానికి పప్పు, గుడ్డు కారణం కావు. పుండు మానాలంటే కొత్త కండ పుట్టాలి, అందుకు మాంసకృత్తులు కావాలి. వాటిని మాన్పిస్తే కుట్లు ఆలస్యంగా మానతాయి. రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు పెద్ద ఆపరేషన్‌తోనే జరుగుతున్నట్టు 2019-21 సర్వే తేల్చింది. అంటే ఈ ఒక్క అపోహ ప్రతి పది మంది తల్లుల్లో నలుగురి కంచంలో నుంచి పప్పును తీసివేయగలదు. చీము పట్టేది గాయం తడిగా ఉన్నప్పుడు, శుభ్రత లేనప్పుడు, చక్కెర వ్యాధి అదుపులో లేనప్పుడు. రోజూ స్నానం చేసి కుట్ల చోటును పొడిగా తుడుచుకోవాలి. పసుపు, బూడిద వంటివి అద్దరాదు.

అయితే పత్యమంతా పారవేయవలసినది కాదు. వెల్లుల్లి కారం, శొంఠి, మెంతులు, మితంగా నెయ్యి తింటే నష్టం లేదు. అన్నంలోకి ముద్దపప్పు, తోటకూర, మునగాకు, రోజూ ఒక గుడ్డు, రాగి జావ, నువ్వుల ఉండ, జామకాయ చేరిస్తే ఆ పత్యమే బలమైన భోజనం అవుతుంది. నీళ్లు దాహం తీరే దాకా తాగాలి. పాలివ్వడానికి కూర్చున్న ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు పెట్టుకోవడం తేలిక మార్గం. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీరు చాలడం లేదని గుర్తు. కుంపటిని మాత్రం గదిలో నుంచి తీసివేయాలి. మూసిన గదిలో బొగ్గుల పొగ తల్లికీ, పసికందు ఊపిరితిత్తులకూ హాని చేస్తుంది. ఒక్కోసారి ప్రాణాల మీదికి తెస్తుంది.

పుట్టింట్లో విశ్రాంతి, పరామర్శలకు వచ్చేవారి తాకిడి లేకుండా వేరే గది, ఒంటికి నూనె, వేడినీళ్ల స్నానం, మూడో నెల వరకో ఐదో నెల వరకో అత్తింటి పనుల నుంచి సెలవు... ఇవన్నీ మన పెద్దలు చేసిన మేలైన ఏర్పాట్లు. విచిత్రమేమంటే నేడు మొదట పోతున్నవి ఇవే. కట్టడి మిగిలింది, విశ్రాంతి తగ్గింది. పగలు నిద్రపోతే ఒళ్లు వస్తుందని కునుకు తీయనివ్వని ఇళ్లూ ఉన్నాయి. రాత్రి రెండు గంటలకొకసారి లేచే తల్లికి పగటి నిద్ర సోమరితనం కాదు. బిడ్డ నిద్రపోయినప్పుడల్లా తల్లీ నిద్రపోవాలి.

మూలన పడిన మాత్రలు

కడుపుతో ఉన్నంతకాలం ఐరన్ మాత్రలు మింగిన తల్లి, కాన్పు కాగానే వాటిని అటక మీద పడేస్తుంది. బిడ్డ పుట్టాక వాటితో పనేమిటన్న అభిప్రాయం బలంగా ఉంది. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నట్టు అదే సర్వే చెబుతోంది. కాన్పులో పోయిన రక్తం దానికి అదనం. అందుకే కాన్పయిన తరువాత కూడా 180 రోజుల పాటు రోజుకో ఐరన్ మాత్ర వాడాలని ప్రభుత్వ కార్యక్రమం నిర్దేశిస్తోంది. కాల్షియం మాత్రలు కూడా ఆరు నెలలు కొనసాగాలి. రెండింటినీ ఒకేసారి మింగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు. అన్నం తిన్న వెంటనే కాల్షియం, రెండు గంటలు ఆగి ఐరన్ అన్నది పాటించదగిన పద్ధతి. ఐరన్ మాత్రను టీతో, పాలతో వేసుకోకూడదు. నిమ్మరసంతో అయితే మేలు. విరేచనం నల్లగా వస్తే భయపడనక్కర లేదు.

మూడో రోజు కన్నీళ్లు

కాన్పయిన మూడు నుంచి ఐదు రోజుల మధ్య చాలామంది తల్లులకు కారణం లేకుండా ఏడుపు వస్తుంది. చిన్న మాటకు మనసు చివుక్కుమంటుంది. గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువగా ఉన్న హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం ఇందుకు కారణాలు. ఇది జబ్బు కాదు, రెండు వారాల్లో తగ్గిపోతుంది. బాలింత ఏడవకూడదని గదమాయించడం కన్నా ఒక రాత్రి బిడ్డను ఎత్తుకుని తల్లిని నిద్రపోనివ్వడం ఎక్కువ పనిచేస్తుంది.

రెండు వారాలు దాటినా దిగులు వీడకపోతే, బిడ్డ మీద మమకారం కలగడం లేదని తల్లి అంటుంటే, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోతే, తానుండి ప్రయోజనం లేదన్న మాట నోటి వెంట వస్తే అది కుంగుబాటు. పల్లెల్లో దీనికి పేరే లేదు. పొగరని, అశ్రద్ధని, పాలివ్వడానికి బద్ధకమని నిందిస్తారు. రెండో కాన్పులోనూ ఆడపిల్ల పుట్టిన ఇంట్లో ఈ నిందకు దెప్పిపొడుపులు తోడవుతాయి. బిడ్డ ఆడో మగో నిర్ణయించేది తండ్రి నుంచి వచ్చే కణమేనని పదో తరగతి పుస్తకంలో చదివిన పిల్లలు ఆ ఇంట్లోనే ఉంటారు. అయినా నోరు విప్పరు.

మరీ అరుదుగా, కాన్పయిన మొదటి రెండు మూడు వారాల్లోనే తల్లి రాత్రింబవళ్లు నిద్రపోకుండా పొంతన లేని మాటలు మాట్లాడడం, ఎవరో తనను పిలుస్తున్నారనడం, బిడ్డను చూసి భయపడడం జరుగుతుంది. గాలి సోకిందని తాయెత్తుల కోసం తిప్పుతూ విలువైన రోజులను పోగొట్టుకుంటారు. ఇది తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం కలిగించగల అత్యవసర స్థితి. తల్లిని, బిడ్డను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చికిత్సతో పూర్తిగా కోలుకుంటారు. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు ఉన్నాయి. మానసిక సమస్యలపై సలహా కోసం 2022లో ప్రారంభమైన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

మిరప చేలో ఉయ్యాల

పత్యం, పుట్టిల్లు, ఐదో నెల సారె అన్నవి కొంత నిలదొక్కుకున్న కుటుంబాల మాట. సంక్రాంతి దాటాక పల్నాడులో మిరప కోతలు మొదలవుతాయి. కర్నూలు, ప్రకాశం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే తరలివచ్చి చేల గట్ల మీద గుడిసెలు వేసుకుంటాయి. వారిలో నెల బాలింతలూ కనిపిస్తారు. వేపచెట్టు కొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి, సాలు చివరికి వెళ్లి వచ్చి పాలిస్తారు. కాయ కోసిన చేతుల మంట సబ్బుతో రెండుసార్లు కడిగినా పోదు. అదే చేయి బిడ్డ కంటికి తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. పాలిచ్చే ముందు చేతికి కాస్త నూనె రాసుకుని, ఆపై సబ్బుతో కడిగితే ఘాటు చాలావరకు వదులుతుంది.

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. అది నెల జీతం ఉన్నవారికి. రోజు కూలికి వెళ్లే తల్లికి సెలవంటే పస్తు. ఆమెకు ఉన్న ఆసరా ప్రధానమంత్రి మాతృ వందన యోజన. మొదటి కాన్పుకు 5,000 రూపాయలు రెండు విడతలుగా, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు ఒకేసారి తల్లి ఖాతాలో పడతాయి. గర్భం నమోదు, తల్లీబిడ్డల కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా సరిగా ఉండాలి. పుట్టింటి ఊళ్లో ఒక పేరు, అత్తింటి ఊళ్లో మరో ఇంటిపేరు ఉండి డబ్బు నిలిచిపోయే సందర్భాలు తరచు ఎదురవుతాయి. కాన్పుకు ముందే సరిచేయించుకోవడం ఉత్తమం. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం కాన్పయిన ఆరు నెలల వరకు అంగన్‌వాడీ నుంచి బాలింతకు ఉచిత పోషకాహారం హక్కుగా రావాలి. వలస వచ్చిన తల్లి పేరు సొంత ఊరి జాబితాలో ఉంటుంది, మనిషి వేరే మండలంలో ఉంటుంది. గుడ్లు అక్కడ, ఆకలి ఇక్కడ. కోతలకు వచ్చిన కుటుంబాలు దగ్గరి అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త వద్ద పేరు చెప్పుకోవాలి. పిలిపించుకున్న రైతు ఆ పని దగ్గరుండి చేయిస్తే ఇంకా సులువు.

ఎప్పుడు పరుగెత్తాలి?

కాన్పు తరువాత ఎర్రని మైల మూడు నాలుగు రోజులు, ఆపైన లేత రంగులో నాలుగు నుంచి ఆరు వారాలు కనిపించడం మామూలే. గంట లోపే గుడ్డ పూర్తిగా తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా ఆలస్యం చేయరాదు. మైల దుర్వాసన వేస్తూ జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉంటే గర్భాశయానికి క్రిములు సోకినట్టు. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, మూర్ఛ, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం... వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. రొమ్ము గట్టిపడి ఎర్రబారి జ్వరం వస్తే ఆ వైపు పాలు ఆపకూడదు, బిడ్డకు ఇస్తూనే వైద్యులకు చూపించుకోవాలి.

మరో కాన్పుకు కనీసం రెండేళ్ల ఎడం ఇచ్చాకే గర్భం దాల్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. పాలిస్తున్నంతకాలం గర్భం రాదన్న ధీమా పనికిరాదు. నెలసరి రాకముందే గర్భం నిలిచిన తల్లులు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. కాన్పయిన 48 గంటల్లోనే కాపర్ టీ వేయించుకునే వీలుంది. మగవారు నిరోధ్ వాడినా సరిపోతుంది, కానీ ఆ మాట ఎత్తేవారే తక్కువ.

ఆసుపత్రి కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. పెద్ద ఆపరేషన్ అయితే ఏడో రోజు నుంచి వస్తారు. వచ్చినప్పుడు బిడ్డను తూచి వెళ్లనివ్వకుండా తల్లి మైల, జ్వరం, కుట్లు, నిద్ర గురించి కూడా చెప్పాలి. ఆరు వారాలకు బిడ్డకు టీకాలు వేయించడానికి ఎలాగూ ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. ఆ రోజున తల్లి రక్తపోటు, రక్తం శాతం కూడా చూడమని అడిగి, తల్లీబిడ్డల కార్డులో రాయించుకోవాలి. పరీక్షకు డబ్బు చెల్లించనవసరం లేదు. టీకాల వరుసలో బిడ్డను నాయనమ్మ ఎత్తుకుని వస్తే, తల్లిని ఇంట్లో వదిలి రాకూడదు.